నేలమాళిగలో ‘ఏమండీ’

ఆ గదికి మంచి పేరు లేదు. లైబ్రరీ భవనం కింద, నేలమాళిగలో, కారిడార్ చివర ఉంటుంది. సర్వర్ గది. పొద్దుగూకాక ఊడ్చే ఆమె అటు పోదు. వాచ్‌మన్ అయితే కారిడార్ మొదట్లోనే నిలబడి టార్చి వేసి, "అంతా బాగానే ఉంది" అని తనకి తనే చెప్పుకుని వచ్చేస్తాడట. ఎందుకంటే, తాళం వేసున్న ఆ గదిలోంచి అప్పుడప్పుడు రాత్రిపూట మాటలు వినబడతాయి. ఒకసారి ముసలాయన దగ్గు... ఒకసారి ఆడపిల్ల నవ్వు...

మా బాబాయి అక్కడే పనిచేస్తాడు. ఇది ఆయన చెప్పిందే. ఆయన చెప్పేవాటిలో సగం తీసేసి నమ్మాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేనూ సగం తీసేసే చెబుతున్నాను.

అది చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే లైబ్రరీ. అక్కడ చదివే నలుగురితోపాటు మా పిన్ని కూడా రోజూ సాయంత్రం వెళ్ళి ఓ గంట చదివేది. ఏడు నెలలుగా ఒకటే నవల, దిండంత లావుది. ఆ ఏడు నెలల గొంతూ ఆ గదిలో ఓ మిషన్‌లో, పెద్ద డిస్క్ మీద ఉంది. ఇంకెక్కడా లేదు. వేరేచోట కాపీ తీసి పెట్టాల్సింది బాబాయే. "రేపు తీస్తా, రేపు తీస్తా" అంటూ నెట్టుకొచ్చాడు మహానుభావుడు.

ఒక రాత్రి, వినేవాళ్ళెవరూ ఉండని వేళ చూసి, ఆ మిషన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేయడానికి దిగాడు. దగ్గర కూర్చుని మీటలు నొక్కే పని లేదు. ఏం చెయ్యాలో ముందే ఒక ఫైల్లో రాసిపెడితే మిషనే చదువుకుని చేసుకుపోతుంది. ఏ డిస్క్ చెరపాలి, దాన్ని ఎన్ని పార్టిషన్లుగా కోయాలి, ఏ ముక్క ఎంత... అన్నీ. పై అంతస్తులో తన గదిలోంచే పని మొదలుపెట్టేసి, ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు.

సగం గ్లాసు అయింది. అప్పుడు గుర్తొచ్చింది...

డిస్క్ సీరియల్ నంబరు రాయాల్సిన చోట "మొదటి డిస్క్" అని రాశాడు!

బాబాయి లెక్కలో మొదటిదంటే పైన బిగించిన చిన్న డిస్క్, సిస్టమ్ ఉండేది. మిషన్ లెక్కలో మొదటిదంటే, కరెంటు రాగానే ముందు లేచింది. అది చిన్నదే కావచ్చు. పిన్ని గొంతున్న పెద్దదీ కావచ్చు...

పరుగు. మెట్లు. కారిడార్.

"సార్, ఇప్పుడా... వద్దు సార్..." అని వాచ్‌మన్ గుసగుసలాడుతున్నా ఆగలేదు. దెయ్యమంటే బాబాయికీ భయమే. కానీ పిన్ని అంటే ఉన్న భయం అంతకంటే పాతది.

తలుపు తీశాడు. చీకటి. పచ్చ దీపాలు మినుకుమినుకుమంటున్నాయి. స్క్రీన్ మీద ఒకటే లైను: పార్టిషన్లు పూర్తయ్యాయి, సిస్టమ్ వేయడం పూర్తయింది. ఏ డిస్క్ మీదో చెప్పలేదు. చూస్తుండగానే మిషన్ తనంతట తను ఆగి మళ్ళీ మొదలైంది. స్క్రీన్ నల్లబడింది.

బాబాయి నేలమీద కూలబడ్డాడు. "ఏడు నెలలురా," అన్నాడు, తర్వాత నాతో ఇది చెబుతూ. "జలుబు చేసిన రోజు కూడా వేణ్ణీళ్ళు తాగి వెళ్ళి చదివింది. ఏ మొహం పెట్టుకుని చెప్పను?" నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట.

అప్పుడు... వెనకనుంచి... మెల్లగా...

"ఏమండీ..."

పిన్ని గొంతు! పిన్ని ఇంట్లో నిద్రపోతోంది...

"ఆఁ... వస్తున్నా!" అన్నాడు బాబాయి.

తిరిగి చూస్తే ఎవరూ లేరు. వాచ్‌మన్ బూట్ల చప్పుడు మాత్రం కారిడార్‌లో దూరమైపోతోంది.

"ఏమండీ... ఎంతసేపలా చీకట్లో కూర్చుంటారు?"

బాబాయి కూర్చున్నది చీకట్లోనే.

"...అని అడిగింది ఆమె, తలుపు చాటునుంచి. అతను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు..."

నవల! మూలనున్న స్పీకర్‌లోంచి వస్తోంది.

గబగబా, ఏం చెయ్యాలో మిషన్‌కి చెప్పే ఆ ఫైలు తెరిచి, మొట్టమొదటిసారి చివరిదాకా చదివాడు. దాన్ని రాసింది బాబాయి కంటే ముందు అక్కడ పనిచేసి రిటైరైన పెద్దాయన. బాబాయి ఎప్పుడూ పైన నాలుగు లైన్లు మార్చుకోవడమే తప్ప కిందికి పోయింది లేదు. అట్టడుగున పెద్దాయన ఇలా రాసిపెట్టాడు: "అంతా అయ్యాక, పెద్ద డిస్క్‌లో ఆఖరున చేరిన రికార్డింగ్ ఒక నిమిషం వినిపించాలి. వినిపిస్తే డిస్క్ క్షేమం."

సిస్టమ్ కొత్తగా వేసిన రాత్రులల్లా ఇన్నాళ్ళూ జనాన్ని హడలగొట్టిన గొంతులన్నీ చెప్పింది ఆ శుభవార్తేనన్నమాట. ఆ రాత్రి ముందు లేచింది చిన్న డిస్కే. పిన్ని చదివినదాంట్లో అక్షరం పోలేదు.

ముందు కాపీ తీయడం మొదలుపెట్టి, ఆ సంతోషంలో టైమైనా చూసుకోకుండా ఇంటికి ఫోన్ చేశాడు. "నీ గొంతు ఉందే! పోలేదే!"

"నా గొంతు నా దగ్గరే ఉంది. మీకేమైంది?" అంది పిన్ని నిద్రమత్తులో.

కాపీ తీయని సంగతి దగ్గర్నుంచి కూలబడ్డ సంగతి వరకూ అన్నీ కక్కేశాడు. పిలుపు విని తను పలికిన సంగతీ చెప్పాడు. అవతల... నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ముందు సర్వర్ గది ఏపాటిదని ఇప్పటికీ అంటాడు.

చివరికి పిన్ని నోరు విప్పింది.

"ఇరవై రెండేళ్ళుగా పిలుస్తున్నాను. వంటింట్లోంచి నాలుగుసార్లు అరిచినా ‘ఊఁ’ అనరు. ఆ మిషన్ ఒక్కసారి పిలిస్తే పలికారా?"