పదమూడో చానెల్

గురువారం ఉదయం మోంటెవిడియోలో, సముద్రపు ఒడ్డు గోడ మీద కూర్చున్న డాక్టర్ పిత్తాలూగాని చూసి ఎవరూ ఆగలేదు. చంకలో థర్మాస్, చేతిలో మాతే అనే ఆకు టీ గిన్నె. ఆ ఊళ్లో సగం మంది అలాగే కూర్చుంటారు. తొమ్మిదింటికి ఎవరిదో కుక్క వచ్చి ఆయన బూటు వాసన చూసి, మొరగడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. అప్పుడు తెలిసింది, మనిషి పోయి రెండు గంటలైందని. మెడ వెనక సూది గుచ్చిన గుర్తుంది.

పిత్తాలూగా పశువుల టీకాల ప్రయోగశాలలో పనిచేసేవాడు. అదే ఉదయం అక్కడి చల్లగదిలో ఒక గాజుసీసా తక్కువ వచ్చింది.

"గాలికుంటు వైరస్," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ ఒలివేరా, తలుపు వేసి. "దేశంలో మనుషులం ముప్పై అయిదు లక్షలం. పశువులు కోటీ ఇరవై లక్షలు. ఒక్క మందకి సోకిందని తెలిస్తే చాలు, మన మాంసం ఏ రేవులోనూ దించుకోరు."

ఏజెంట్ మిల్టన్ అర్బెలేచె తల ఊపాడు. అతని తండ్రి ముప్పై ఏళ్లు కబేళాలో పనిచేశాడు. మాంసం ఓడలు ఆగిపోయిన ఏడాది ఇంట్లో ఏం తిన్నారో అతనికి గుర్తే.

"ఎవరు సర్?"

"మెర్టెన్స్ ముఠా. మన మార్కెట్టు కావలసిన దేశమొకటుంది." ఆ దేశం పేరున్న చోట ఫైల్లో నల్ల సిరా పూసి ఉంది. "శనివారం తకువారెంబోలో పశువుల ప్రదర్శన. మధ్యాహ్నం మూడింటికల్లా నూట నలభై మేలుజాతి ఆంబోతులు ఒకే షెడ్డులోకి వస్తాయి. ఎండకని పైన ఫాగర్లు పెట్టారు, తుంపర నీళ్లు చల్లేవి. ఆ నీళ్లలో సీసా కలుస్తుంది. ఆంబోతులు సాయంత్రానికి పంతొమ్మిది జిల్లాలకీ తిరిగి వెళ్లిపోతాయి."

"ముందే వెళ్లి పీకేస్తే?"

"వాల్వు పెట్టె ఒకటి బిగించారు, సరిగ్గా మూడింటికి తెరుచుకునేలా. కరెంటు తీసినా, వైరు కోసినా దానంతటది తెరుచుకుంటుంది. మెర్టెన్స్‌కి అనుమానం వస్తే ఫోన్లో మీట నొక్కుతాడు. దానికి వాళ్ల సొంత వైఫై ఉంది, పేరు మాంగేరా. నువ్వు అందులోకి దూరి, మూసుకునే ఉండమని పెట్టెకి చెప్పాలి. ప్రోగ్రామ్ ల్యాప్‌టాప్‌లో ఉంది. పాస్‌వర్డ్ మగ్దా సిల్వేరా ఇస్తుంది."

"ఆమె మన మనిషా, వాళ్ల మనిషా?"

"మనమూ వాళ్లూ కూడా మా మనిషే అనుకుంటున్నాం," అన్నాడు చీఫ్. "అక్కడ ఆ పేరు వైఫై కనబడకపోతే ఆమె మనకి అబద్ధం చెప్పినట్టే. అలాగైతే రెండూ యాభైకి టోపీ తియ్యి, అదే సైగ. గేటు దగ్గర మనవాళ్లు ఇద్దరుంటారు, ఆమెను పట్టుకుంటారు."

ల్యాప్‌టాప్ కొత్తది, పోయిన వారమే మయామీ నుంచి వచ్చింది. అందులో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసింది నిల్దా బర్రేతో, ఆఫీసు సాంకేతిక నిపుణురాలు. లోపలేముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు కాబట్టి దొంగ తలుపులుండవని ఆమె నమ్మకం. అర్బెలేచెకి ఇచ్చిన ఫోను మాత్రం బటన్లు నొక్కే పాతది. మాట్లాడటం తప్ప ఇంకేమీ దానికి చేతకాదు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి అతను పశువుల చెవి బిళ్లలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వేషంలో షెడ్డులోకి నడిచాడు. చేతిలో బిళ్లలు చదివే పొడవాటి కర్ర, భుజాన సంచి. ఎవరూ రెండోసారి చూడలేదు. గడ్డీ పేడా కాల్చిన మాంసమూ కలిసిన వాసన. బయట మైకులో వేలం పాడేవాడి గొంతు ఆగకుండా మోగుతోంది.

మగ్దా సిల్వేరా న్యాయనిర్ణేతల వరసలో ఉంది. ఎర్ర బూట్లు, తెల్ల చొక్కా, పక్కకి వాల్చిన బెరే టోపీ. ఆమె నడుస్తుంటే పశువుల కాపరులు తాళ్లు వదిలేసి చూస్తున్నారు.

"ఈ ఆంబోతు పళ్లు చూశారా?" అంది దగ్గరికొచ్చి.

"నేను పళ్లు కాదండీ, చెవులు చూసేవాణ్ణి."

ఆమె ఆంబోతు మెడ నిమురుతూ, పెదవులు కదపకుండా పాస్‌వర్డ్ చెప్పింది. "మూడింటికి ఒక్క క్షణం కూడా ఆలస్యం కాదు. మెర్టెన్స్ స్టాండులో మూడో మెట్టు మీద ఉన్నాడు, బూడిద రంగు కోటు." వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

షెడ్డు వెనక ఖాళీ పశువుల ట్రెయిలర్ ఉంది. అర్బెలేచె అందులో గడ్డి మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. వైఫై గుర్తు మీద అడ్డగీత ఉంది. నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఏమీ కాలేదు. ఆపి వేశాడు. అడ్డగీత అలాగే ఉంది.

సరిహద్దులు దాటాడు, గోడలు దూకాడు, ఒకసారి కదిలే రైలు పైకప్పు మీద పడుకుని ఆర్తీగాస్ దాకా వెళ్లాడు. ఆ గీత ముందు మాత్రం ఏం చేయాలో తోచలేదు. రెండూ ఇరవైకి నిల్దాకి ఫోన్ చేశాడు.

"పళ్ల డాక్టరు దగ్గరున్నాను," అంది నిల్దా. "దవడకి ఇంజెక్షన్ ఇప్పుడే ఇచ్చారు. ఇంకో పది నిమిషాల్లో నోరు మొద్దుబారిపోతుంది. త్వరగా చెప్పు."

"వైఫై లేదంటోంది."

"కార్డు లేదంటోందా, ఆపేసి ఉందంటోందా? రెండూ ఒకటి కాదు బాబూ. టెర్మినల్ తెరువు, నల్ల కిటికీ. ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టు."

కొట్టాడు. "సాఫ్ట్ బ్లాక్డ్, యెస్ అని వచ్చింది."

"హమ్మయ్య. సంచిలో కుక్కినప్పుడు ఏదో మీట నొక్కుకుని ఉంటుంది. ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై. ముందు సుడో పెట్టు."

అడ్డగీత పోయింది. పేర్లు వరసగా వచ్చాయి. ప్రదర్శన ఆఫీసు, వేలం పాట, టోర్తా ఫ్రీతా రొట్టెలు వేయించి అమ్మే దుకాణం, ఎవరిదో ఇల్లు. మొత్తం ఎనిమిది. అతను వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. మాంగేరా లేదు.

"లేదు నిల్దా గారూ."

"సర్వీసు ఆపి మళ్లీ మొదలుపెట్టు." చెప్పింది. చేశాడు. ఎనిమిదే. "డ్రైవర్ దించి మళ్లీ ఎక్కించు." ఆమె అక్షరం అక్షరం చెప్పింది, అతను అక్షరం అక్షరం కొట్టాడు. అవే ఎనిమిది.

"పేలు దాచిపెత్తాలేమో," అంది నిల్దా. నాలుక తడబడుతోంది.

పేరు దాచినా దొరికే పద్ధతి కూడా చూశారు. దొరకలేదు. రెండూ ముప్పై ఎనిమిది అయింది. అర్బెలేచె కర్ర పట్టుకుని షెడ్డులోకి వెళ్లి మగ్దా పక్కన ఆంబోతు చెవి చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"అలాంటి పేరేదీ లేదు."

"నా ఫోన్లో నాలుగు గీతలు నిండా ఉంది." ఆమె ముఖం తెల్లబోయింది. "చూపించలేను. నా చేతి కేసే చూస్తున్నాడు."

"అది నేనెలా నమ్మాలి?"

"ఎలా నమ్మించాలో నాకూ తెలియదు," అంది మగ్దా.

ట్రెయిలర్‌లోకి తిరిగొచ్చేసరికి అతని చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చెక్కల సందులోంచి షెడ్డంతా కనిపిస్తోంది. కాపరులు ఆంబోతుల్ని దువ్వుతున్నారు. ఒక ముసలి రైతు తన ఆంబోతు గిట్టల్ని చేతిగుడ్డతో తుడుస్తున్నాడు. మెర్టెన్స్ స్టాండు దిగి వచ్చి మగ్దా మోచెయ్యి పట్టుకున్నాడు. నవ్వుతూనే పట్టుకున్నాడు, కానీ వదల్లేదు. ఆమెను ఫాగర్ల కిందికి నడిపించుకొచ్చి అక్కడే నిలబెట్టాడు. తన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

రెండూ యాభై. అర్బెలేచె చెయ్యి టోపీ మీదికి వెళ్లింది. తీస్తే తన బాధ్యత తీరిపోతుంది. ఆమె అబద్ధం చెప్పి ఉంటే పట్టుబడుతుంది. నిజం చెప్పి ఉంటే, మెర్టెన్స్ అక్కడికక్కడే మీట నొక్కుతాడు. రెండిట్లో ఏదో తేల్చే సత్తా తన దగ్గర లేదు. తన దగ్గరున్నదల్లా ఎనిమిది పేర్లు.

చెయ్యి కిందికి దించి ఫోన్ ఎత్తాడు.

"నిల్దా గారూ, ఆమె నిజమే చెబుతోందనుకుందాం. ఆమె ఫోనుకి కనబడి నాకు కనబడకపోవడం జరుగుతుందా?"

అవతల నుంచి ఏదో మాట వచ్చింది. ఒక్క అక్షరమూ అర్థం కాలేదు. తర్వాత కాగితం గరగర. తర్వాత వేరే గొంతు, వృద్ధురాలిది, నిదానమైనది.

"బాబూ, నా పేరు ఎర్మెలిందా. కట్టుడు పళ్ల కోసం వచ్చాను. మీ పిన్నికి నోరు తిరగడం లేదు, కాగితం మీద రాసి చూపిస్తోంది. పరీక్షటగా నీకు. కంగారు పడకు."

"చెప్పండి," అన్నాడు అర్బెలేచె.

"లిస్టులో చానెల్ అని ఉందిట. అన్నిటికంటే పెద్ద అంకె ఎంత?"

వెతికాడు. "పదకొండు."

"పదకొండుట తల్లీ." కాగితం గరగర. "అబ్బో, ఈవిడ నుదురు కొట్టుకుంటోంది. రాస్తోంది ఆగు. ల్యాప్‌టాప్ అమెరికాలో ఉన్నానని అనుకుంటోందిట. అక్కడ పదకొండుతో సరి. ఇక్కడ పదమూడు దాకా వాడొచ్చుట. వాళ్లు పదమూడులో కూర్చుని ఉంటారుట. ఎవరు బాబూ వాళ్లు?"

"పేపరు దిద్దేవాళ్లు. ఏం కొట్టాలో చెప్పండి."

"సుడో. తర్వాత ఐ, డబ్ల్యూ. ఖాళీ. రెగ్. ఖాళీ. సెట్. ఖాళీ. యూ, వై. మన దేశం పేరులో మొదటిదీ చివరిదీ కదూ. పెద్ద అక్షరాలుట."

కొట్టాడు. మళ్లీ వెతకమన్నాడు. తెర మీద చిన్న చక్రం తిరిగింది. తొమ్మిది పేర్లు వచ్చాయి. తొమ్మిదోది మాంగేరా.

రెండూ యాభై ఆరు. పాస్‌వర్డ్ కొట్టాడు. కలిసింది. ప్రోగ్రామ్ తెరిచేలోగా తెగిపోయింది. మళ్లీ కలిపాడు. నాలుగు లెక్కపెట్టేలోగా తెగిపోయింది. బయట గంట కొట్టారు. షెడ్డు తలుపులు బార్లా తెరిచారు. బయట మిగిలిన ఆంబోతుల్లో మొదటిది బరువుగా లోపలికొచ్చింది, దాని వెనక ఇంకోటి. వేలం పాడేవాడు వాటి తాతల పేర్లు చదువుతున్నాడు.

"కలిసి తెగిపోతోందమ్మా."

"తెగిపోతోందిట." గరగర. "కరెంటు ఆదా చేద్దామని మధ్యమధ్య కునుకు తీస్తోందిట అది. ముందు తెర మీద ఉన్న వైఫై కార్డు పేరు చెప్పు."

"డబ్ల్యూ, ఎల్, పి, రెండు, ఎస్, సున్నా."

"అయితే రాసుకో. సుడో, ఐడబ్ల్యూ, డెవ్, నువ్వు చెప్పిన పేరు, సెట్, పవర్ కింద గీత సేవ్, ఆఫ్. కింద గీతంటే ఏమిటో నాకు తెలియదు బాబూ, అలాగే రాసింది."

వేళ్లు చెమటకి జారాయి. తప్పు కొట్టాడు. చెరిపి మళ్లీ కొట్టాడు. కలిపాడు. ఈసారి తెగలేదు. ప్రోగ్రామ్ పెట్టెని పట్టుకుంది, ఒక్క ప్రశ్న అడిగింది, మూసి ఉంచాలా అని. అతను అవునన్నాడు. చీఫ్ చెప్పని పని ఇంకోటి కూడా చేశాడు. మెర్టెన్స్ ఫోను ఇక కలవకుండా మాంగేరా పాస్‌వర్డ్ మార్చేశాడు.

పెట్టె నుంచి జవాబు వచ్చేసరికి రెండూ యాభై తొమ్మిది నిమిషాల యాభై ఒక్క సెకన్లు. మూసి ఉంది.

మూడయింది. నూట నలభై ఆంబోతులు షెడ్డులో నిలబడి ఉన్నాయి. పైన ఫాగర్లలోంచి ఒక్క చుక్క కూడా పడలేదు. మెర్టెన్స్ పైకి చూశాడు. ఫోను నొక్కాడు. మళ్లీ నొక్కాడు. మగ్దా చెయ్యి వదిలి, ఫోను తల మీదికెత్తి, అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు నడిచాడు. చివరికి ఆపి వేశాడు. చెక్కల సందులోంచి చూస్తున్న అర్బెలేచెకి అతని అవస్థ బాగా అర్థమైంది.

అప్పుడు ట్రెయిలర్ దిగి, టోపీ తీసి, గేటు దగ్గరున్న ఇద్దరికీ బూడిద రంగు కోటు చూపించాడు. మెర్టెన్స్ తల పైకెత్తేలోగా చెరో భుజం పట్టుకున్నారు. మగ్దా పక్కనున్న కమ్మీలకి ఆనుకుని కూలబడింది. బెరే టోపీ గడ్డిలో పడింది.

అర్బెలేచె ఆమె పక్కన కూర్చున్నాడు.

"టోపీ ఎందుకు తియ్యలేదు?" అంది. ఆ ఏర్పాటు ఆమెకి ముందే తెలుసన్నమాట. "రెండూ యాభైకి మీ చెయ్యి దాని మీదే ఉంది. చెక్కల సందులోంచి చూశాను."

"మీరు నిజం చెబుతున్నారని తెలిసి కాదు," అన్నాడు అతను. "ఇంకేం చేయాలో తెలియక."

"ఈ పనిలో పదేళ్లలో నాతో నిజం చెప్పిన మొదటి మనిషి మీరే," అంది మగ్దా.

ఫోన్ ఇంకా తెగలేదు. "బాబూ, పరీక్ష ఎలా రాశావు?" అని అడుగుతోంది ఎర్మెలిందా.

"మీ దయవల్ల పాసయ్యానమ్మా."

"సంతోషం. మీ పిన్నిని లోపలికి పిలిచారు. నేను పెట్టేస్తాను."

నాలుగింటికి ఫాగర్ల తొట్టిలోంచి సీసా దొరికింది, మూత సీలు అలాగే ఉంది. నాలుగున్నరకి చీఫ్ ఒలివేరా ఫోన్ చేసి, పూర్తి నివేదిక వెంటనే మెయిల్లో పంపమన్నాడు. అర్బెలేచె సరే సర్ అన్నాడు. ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టి, దుకాణంలో తెల్లకాగితాలు కొని, చేత్తో రాసి, మర్నాడు మోంటెవిడియో వెళ్లి స్వయంగా చీఫ్ చేతికిచ్చాడు. నివేదిక చివర, పంపిన విధానం అన్న గడిలో శుభ్రంగా ఒక్కటే మాట రాసి ఉంది: బస్సు.