నీళ్ళు మంచివేనండీ!

పొద్దున విప్పిన కొత్త సబ్బు మధ్యాహ్నం అన్నాల వేళకి తమలపాకంత పల్చగా మిగిలింది! కుళాయి దగ్గర మల్లేశ్వరరావు ఇంకా చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు. ఆ ఇంట్లో సబ్బులు అరుగుతున్నాయి గానీ, తిన్న అన్నం మాత్రం ఎవరికీ అరగడం లేదు... భర్త వేళ్ళ సందుల్లో చిట్లిన చర్మం చూసి ప్రభావతి గుండె కూడా చిట్లిపోయింది.

"ఏవండీ... ఇక చాలండీ!"

"చచ్చిన చేప కంపు ప్రభా! నీకు రావట్లేదా?"

నాలుగు నెలల కిందట మబ్బు పట్టిన ఓ రోజు, మండవల్లిలో వాళ్ళ చెరువు చేపలకి గాలి చాలలేదు. తెల్లారేసరికి చెరువంతా తెల్లటి పొట్టలే! వాటన్నిటినీ తన చేతులతోనే ఎత్తి పూడ్చాడు. ఆనాటి నుంచీ ఈ కడుగుడు! రెండేళ్ళ నిహారిక "నాన్నా!" అని చేతులు చాస్తే, ఆయన తన చేతులు వీపు వెనక దాచేసుకునేవాడు...

అత్తగారు మంగతాయారు దిష్టి తీసీ తీసీ ఇంట్లో ఎండుమిరపకాయలు అయిపోయాయి. ఏలూరులో మనసు డాక్టరమ్మ ఉందట అంటే అంతెత్తున లేచారావిడ.

"మావాడికేం పిచ్చా? ఊళ్ళో తలెత్తుకోనిస్తావా మమ్మల్ని?"

"తలెత్తుకోవడం తర్వాత అత్తయ్యా... ముందు ఆయన పిల్లనెత్తుకోవాలి కదండీ!"

ఆ మధ్యాహ్నమే ప్రభావతి, ఆయన చేతులు కడిగిన నీళ్ళని సీసాలో పట్టింది. చెరువు నీళ్ళు పరీక్షకి తీసుకెళ్ళే సీసా అది.

"ఆకివీడు ల్యాబుకి పదండి. కంపుంటే నీళ్ళలోకి దిగాలి కదా, పరీక్ష చేయిద్దాం."

దేవుణ్ణి నమ్మినట్టు నీళ్ళ పరీక్షని నమ్మే మనిషి! చెప్పులేసుకుని బయల్దేరాడు. పదేళ్ళుగా ఆయన చెరువు నీళ్ళు చూస్తున్న ల్యాబ్ సూర్యనారాయణ నవ్వలేదు. మందుచుక్కలు వేసి, రంగు చూసి నెమ్మదిగా చెప్పాడు.

"నీళ్ళు మంచివేనండీ. సబ్బు తప్ప ఏమీ లేదు."

మల్లేశ్వరరావు మొహం పాలిపోయింది. ప్రభావతి ఆ చిట్లిన చేతుల్ని పట్టుకుంది.

"నీళ్ళు బాగుండి చేప బాగుండకపోతే, నీళ్ళకి కాదు చేపకి పరీక్ష చేయించాలని పదిమందికీ చెప్పేది మీరే కదండీ! చచ్చి తేలాక కాదు, నోరు తెరిచి పైకొచ్చినప్పుడే పరుగెత్తాలని! నాలుగు నెలలుగా మీరు నోరు తెరుస్తున్నారు... గట్టున నిలబడి చూడటం నా వల్ల కాదండీ!"

సీసాలో నీళ్ళు పారబోసి వచ్చాడాయన.

"ఏలూరు బస్సు ఎన్నింటికి ప్రభా?"

డాక్టర్ పెర్సిస్ గారి గదిలో యంత్రాల్లేవు, సూదుల్లేవు. రెండు కుర్చీలు, ఓ బల్ల, కాగితం నిండా ప్రశ్నలు. రోజుకెన్నిసార్లు కడుగుతారు? కడక్కపోతే ఏమవుతుందనిపిస్తుంది? అడిగి, ఆవిడ ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలోంచి ఒక గొంతు లేచింది... పన్నెండేళ్ళ కాపురంలో ప్రభావతి ఎన్నడూ వినని గొంతు!

"ఆ సాయంత్రం చేపలు పైకి రావడం చూశానండీ... నీళ్ళకి గాలి కొట్టే ఇంజను పొద్దున వేద్దాంలే అని పడుకున్నాను... నేనే చంపేశాను!"

ఎన్ని సబ్బులకీ లొంగని మురికి రెండు మాటల్లో బయటపడిందే! గుడిలో నిలబడినట్టు ప్రభావతి ఒళ్ళు జలదరించింది.

"పిచ్చి కాదమ్మా, కడిగేకొద్దీ పెరిగే భయం. కాసేపు, ఇంకాసేపు కడక్కుండా ఆగడం నేర్పుతాను. కావాలంటే మందూ ఉంది. తిండికీ నిద్రకీ బిడ్డకీ అడ్డం వచ్చిననాడే రావలసింది. పోనీలెండి, వచ్చారు!" అన్నారు పెర్సిస్ గారు.

ప్రతి శుక్రవారం ఏలూరు బస్సు. కొన్ని వారాలు ముందుకి, ఓ వారం మళ్ళీ వెనక్కి... పదో శుక్రవారం మంగతాయారే గుమ్మంలోంచి కేకేశారు. "ఒరేయ్, బస్సు పోతుంది! డాక్టరమ్మ ఎదురుచూస్తుంది కదరా!"

ఆ ఆదివారం మల్లేశ్వరరావు పప్పన్నం తిని, ఒట్టి నీళ్ళతో ఒక్కసారే చెయ్యి కడిగి, కుళాయి కట్టేశాడు. నిహారిక పరుగున వచ్చి చేతులు చాచింది. ఆయన ఆగాడు... ప్రభావతి ఊపిరీ ఆగింది... వంగి, ఎత్తుకున్నాడు!

పిల్ల ఆ అరచేతిని ముక్కుకి ఆనించుకుని గట్టిగా వాసన చూసింది.

"నాన్నా... పప్పు!"

ఆయన నవ్వాడో, ఏడ్చాడో! ప్రభావతి మాత్రం కుళాయి గట్టు వంకే చూస్తూ నిలబడిపోయింది. అక్కడ నాలుగు రోజుల నాటి సబ్బు, మీద అక్షరాలైనా చెరగకుండా, ఎండలో పొడిగా ఉంది.