పూటకి ఒక్క బిళ్ళే

అందరూ నిజమే చెబుతుంటే నేరం ఎక్కడ దాక్కుంటుంది?

డాక్టరమ్మను ఏళ్ళుగా తొలుస్తున్న సందేహం. దేవుణ్ణి కూడా అడిగి చూసింది. ఆయన నోరు విప్పలేదు.

ఇప్పుడు మంచం మీద దర్జీ. నాలుగు రోజులుగా జ్వరం. పచ్చబడ్డ కళ్ళు. నిన్న మాట్లాడాడు. ఇవాళ పిలిస్తే పలకడం లేదు.

లివర్ రిపోర్ట్ వచ్చింది. నలభై దాటకూడని ఎంజైమ్ తొమ్మిది వేలు.

"టీబీ మందులే మేడమ్," అన్నాడు జూనియర్.

వాటిని పొద్దున్నే ఆపించింది. కానీ అవి రెండు నెలలుగా వాడుతున్నవి. పోయిన వారం రక్తపరీక్ష శుభ్రంగా ఉంది. ఇంతలోనే ఇంత దెబ్బా? దోషి వేరే ఉంటే విరుగుడు ఉండొచ్చు. తెలియకపోతే మనిషి దక్కడు.

వరండాలోకి వచ్చింది. బెంచీ మీద తల్లి. గోడకానుకుని భార్య. మధ్యలో తమ్ముడు.

"తాగుడుందా?"

"లేదండీ."

"నాటుమందు? కషాయం?"

"ఏమీ లేదు."

"మరి జ్వరానికి?"

"బిళ్ళ వేశాను," అంది భార్య. "పూటకి ఒక్కటే. దేవుడి తోడు."

తల్లి తమ్ముడి వైపు తిరిగింది. "అన్నం సరిగ్గా పెట్టిందో లేదో అడగరా దాన్ని."

"ఆవిడ మీ ఎదురుగానే ఉందిగా?" అంది డాక్టరమ్మ.

"వాళ్ళిద్దరికీ మాటల్లేవండీ," అన్నాడు తమ్ముడు. "మా ఇంట్లో పోస్ట్‌మాన్‌ని నేనే. జీతం లేదు, తిట్లు రెండు వైపులా."

డాక్టరమ్మ ముగ్గురి వైపూ మార్చి మార్చి చూసింది.

"అంటే, ఎవరేం ఇచ్చారో ఒకరికొకరు చెప్పుకోరా?"

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"ఇచ్చినవన్నీ ఇక్కడ పెట్టండి. ముగ్గురూ."

భార్య చెంగు ముడి విప్పింది. తల్లి సంచిలో వెతికింది. తమ్ముడు జేబు తడుముకున్నాడు. బెంచీ మీద మూడు అట్టలు. మూడు రంగులు.

"నాది జ్వరం బిళ్ళ."

"ఒళ్ళునొప్పులది. పాపం, మూలుగుతుంటే చూడలేక," అంది తల్లి. "నేనూ పూటకి ఒక్కటే."

"జలుబుదండీ. నేనూ అంతే."

డాక్టరమ్మ అట్టలు తిరగేసింది. చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇది పారాసెటమాల్. ఇదీ అదే. ఇందులోనూ అదే. మనం బిళ్ళకి జబ్బు పేరు పెట్టి పిలుస్తాం. లివర్‌కి ఆ పేర్లు తెలియవమ్మా. మీరు తలా ఒకటి ఇచ్చారు. అతను పూటకి మూడు మింగాడు. అసలే తిండి లేని ఒళ్ళు. పైగా టీబీ మందులు తోడై విషం ముదిరింది."

"నా చేత్తో నేనే..." తల్లి తన అరచేతుల వంక చూసుకుంది.

అప్పటికే డాక్టరమ్మ లోపలికి పరుగెత్తింది. విరుగుడు డ్రిప్ ఎక్కింది.

మర్నాడు ఎంజైమ్ ఇంకా పెరిగింది. ఆశ వదులుకోమని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ముగ్గురూ కళ్ళతోనే అడిగారు. ఆమె చూపు తిప్పుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం దర్జీ పెదవులు కదిలాయి. "నీళ్ళు."

తల్లి గ్లాసు అందుకుని, ఆగింది. ఏళ్ళ తరబడి బాకీ పడ్డ మాట, కోడలి ముఖంలోకి చూస్తూ అంది.

"అమ్మాయ్, నువ్వేమైనా పట్టావా వీడికి?"

"లేదత్తయ్యా. మీరే పట్టండి."