మామ్మగారి పెంటి పావురం

ఆకాశంలోకి చూస్తూ సైకిల్ తొక్కేవాడికి కింద ఎవరున్నారో ఏం తెలుస్తుంది? రోడెల్‌కీ తెలియలేదు. సముద్రం పోటు మీదుంది. నీళ్లు వీధిలోకి వచ్చి మడమల దాకా నిలిచాయి. మలబాన్ ఊళ్లో అది వింతేం కాదు, జనం రబ్బరు బూట్లు తొడుక్కుని ఎవరి పనికి వాళ్లు పోతున్నారు. రోడెల్ మాత్రం తన పందెం పావురం ఎటు పోతుందో చూస్తూ, మలుపులో ఎదురొచ్చిన అమ్మాయిని గుద్దేశాడు.

అమ్మాయి పడలేదు. ఆమె చేతిలోని వెదురు పళ్లెం పడింది. ఆవిరి మీద ఉడికించిన, ఇడ్లీల్లాంటి తెల్లటి పూతోలు నీళ్లలో తేలుకుంటూ వెళ్లిపోయాయి.

"కళ్లు ఎక్కడ పెట్టుకుని తొక్కుతున్నావయ్యా?"

"పైన పెట్టుకున్నానండీ. నా పావురం..."

"పావురమా! మా మామ్మ తెల్లవారకుండా లేచి పిండి కలిపింది. అంతా నీళ్లపాలు చేసి పావురం అంటావా?"

"రోజూ పొద్దున్నే వదిలితే తిన్నగా ఇంటికి రాదండీ. ఎక్కడికో పోయి చీకటి పడ్డాక వస్తోంది. ఎక్కడికి పోతుందో తెలియక నాకు నిద్ర పట్టట్లేదు. అదిగో, అదిగో, వాలింది!"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. కోపం సగం దిగిపోయింది.

"అది మా ఇల్లే," అంది.

ఇద్దరూ ఆ ఇంటి కింద నిలబడి తలలెత్తారు. రేకుల కప్పు అంచున ఒక తెల్ల పెంటి పావురం ఏమీ పట్టనట్టు కూర్చుంది. రోడెల్ ముద్దుగా కపితాన్ అని పిలుచుకునే నీలం మెడ పోతు దాని చుట్టూ మెడ ఉబ్బించి, వంగి వంగి దండాలు పెడుతూ తిరుగుతోంది.

అమ్మాయి పకపకా నవ్వింది. "నీ పావురం పరువు గంగలో కలిసింది పో!"

ఆమె పేరు లువెల్లా. పొద్దున్న మామ్మతో కలిసి పూతోలు అమ్ముతుంది, మధ్యాహ్నం కుట్టుమిషను తొక్కుతుంది. రోడెల్‌కి సంతలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. ఆ రోజు నుంచి కొట్టు కట్టేయగానే అతని సైకిల్ తనంతట తనే ఆ వీధికి తిరిగేది. పావురం కోసమని అతను అనేవాడు. పోనీ, మనమూ అలాగే అనుకుందాం.

లువెల్లా కుడుతూ, తల ఎత్తకుండా పెదాలు ముందుకు చాచి కప్పు వైపు చూపించేది. "వచ్చాడు నీవాడు. పోయి పలకరించు."

తింటూ ఉంటే, "రా, తిందాం," అనేది.

"ఇప్పుడే తిన్నా," అనేవాడు రోడెల్. తినేవాళ్లు పిలవడం మర్యాద, పిలిస్తే అలా అనడం మర్యాద. ఆకలితో కడుపు మాడుతున్నా మర్యాద మర్యాదే.

ఇంతలో పెద్ద పందెం దగ్గరపడింది. అందులో ముందుగా తన గూడు చేరిన పావురానిదే గెలుపు. ఆ రోజు కూడా కపితాన్ ముందు ఇక్కడ వాలిందంటే గెలుపు మీద ఆశ వదులుకోవాల్సిందే. పెంటిని తన గూటికి తీసుకుపోతే పోతు దాని కోసం తిన్నగా అక్కడికే వస్తుంది. ఆ మాటే లువెల్లాతో అన్నాడు.

ఆమె మిషను ఆపింది. "అంతేనా? దానికోసమేనా?"

"ఇంకేం?" అన్నాడు రోడెల్, తెలివితక్కువగా.

"అది మామ్మది. ఆదివారం నాన్న ఇంట్లో ఉంటాడు. వచ్చి అడుగు," అని మళ్లీ మిషను తొక్కింది, ముందుకంటే జోరుగా.

రోడెల్ వాళ్లమ్మ సంగతి విని లేచి కూర్చుంది. "పెద్దావిడ పెంచుకున్న పిట్టని అడగడానికి చేతులూపుకుంటూ వెళ్తామా?" పొద్దున్నుంచీ వండి, రొయ్యలూ గుడ్లూ పరిచిన పాన్సిత్ నూడుల్స్ పెద్ద పళ్లెం నిండా సర్దింది. మాటకారి అని ఇస్కో మామయ్యని వెంటపెట్టుకుంది. ఆయన పెళ్లిళ్లకి తొడిగే పల్చటి తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకొచ్చాడు.

ఇప్పుడు మీరే చెప్పండి. కుర్రాడు, తల్లి, ఒక పెద్దమనిషి, చేతిలో వండిన పళ్లెం, ఆదివారం మధ్యాహ్నం, పెళ్లీడు పిల్ల ఉన్న ఇల్లు. ఆ ఊళ్లో ఇలా వెళ్లేది ఒక్క పనికే. వాళ్లు వీధి మొదట్లో ఉండగానే కబురు ఆ ఇంటికి చేరిపోయింది. లువెల్లా తండ్రి డెన్సియో జుట్టు తడిపి దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మామ్మ పండగలకి మాత్రమే తీసే ప్లేట్లు తుడుస్తూ కళ్లు తుడుచుకుంది.

అందరూ కూర్చున్నాక డెన్సియో గొంతు సవరించుకున్నాడు. "పెళ్లి మాటలకి వచ్చేవాళ్లు ముందో కబురు పంపొద్దటండీ? సర్లెండి. మా లువెల్లాని అడుగుతున్నందుకు సంతోషమే. కానీ ఆ మాట అబ్బాయి నోటితో వినాలి."

పాన్సిత్ వడ్డించబోతున్న రోడెల్ తల్లి చేతిలో చెంచా కింద పడింది. ఇస్కో మామయ్య నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అందులోంచి మాట రాలేదు. కిటికీల్లో ఇరుగుపొరుగు తలలు.

రోడెల్ లోపల లెక్క వేసుకున్నాడు. పావురం కోసం అంటే జనం నవ్వు సంత దాకా పోతుంది, లువెల్లా వీధిలో తలెత్తుకోలేదు. ఔనంటే ఇంటిల్లిపాదినీ మోసం చేసినట్టు. వంటింటి గుమ్మంలో ఆమె తలుపుకి ఆనుకుని నిలబడింది. సిగ్గూ లేదు, కంగారూ లేదు. అతన్నే చూస్తోంది.

"నిజం చెప్పేస్తానండీ," అన్నాడు. "ఇంట్లోంచి బయల్దేరింది పావురం కోసం. మామ్మగారి పెంటిని అడుగుదామని."

కిటికీలో ఎవరో కిసుక్కుమన్నారు. డెన్సియో మొహం నల్లబడింది.

"కానీ పావురం కోసమే అయితే మొదటి రోజే అడగాలి కదండీ. అడిగి తీసుకుపోతే మళ్లీ రావడానికి సాకుండదని అడగలేదు. నాకు లువెల్లా అంటే ఇష్టం. తనకి ఇష్టమో కాదో ఇంకా అడగలేదు. తనని అడిగి, ఔనంటే మళ్లీ పళ్లెంతో వస్తాం. ఇవాళ్టిది ఊరికే తినేయండి. పెంటి కూడా వద్దు."

"మరి పందెంరా?" అన్నాడు ఇస్కో మామయ్య, ఎట్టకేలకు.

"పోతే పోనీ మామయ్యా."

ముందు నవ్వింది మామ్మే. "అడిగినా ఇచ్చేదాన్ని కాదులే. మా రోజుల్లో పిల్ల కావాలంటే మగపిల్లలు నీళ్లు మోసేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు. ఇప్పుడు కుళాయి ఉంది, గ్యాసూ ఉంది. మా కప్పు మాత్రం కారుతోంది."

"నిచ్చెన ఎక్కడుందండీ?" అన్నాడు రోడెల్.

"ముందు తినవయ్యా!" అన్నాడు డెన్సియో.

భోజనాలయ్యాక రోడెల్ కప్పెక్కి రేకులు బిగించాడు. లువెల్లా నిచ్చెన మీద నిలబడి మేకులు అందించింది. పావురాలు రెండూ ఓ పక్కకి జరిగి చోటిచ్చాయి. సన్నగా జల్లు మొదలైంది.

"నేను పావురం కోసం వస్తున్నానని నీకు తెలుసు కదా," అన్నాడు. "కబురు రాగానే మీ నాన్నకి ఒక్క మాట చెబితే అయిపోయేది."

"అయిపోయేది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వేం చెబుతావో చూద్దామని."

రోడెల్ సుత్తి ఆగిపోయింది. "ఉత్త పావురం కోసమే అని ఉంటే?"

"మామ్మ కాళ్లావేళ్లా పడి దాన్ని ఇప్పించేదాన్ని. ఇక ఈ వీధికి రానవసరం లేకుండా." జల్లుకి కళ్లు చికిలించి అతని మొహంలోకి చూసింది. "నన్నేదో అడుగుతానన్నావు?"

"అడుగుతున్నా. నేనంటే నీకు ఇష్టమేనా?"

లువెల్లా ఒక మెట్టు దిగింది. పెదాలు చాచి వంటింటి వైపు చూపించింది. "పాన్సిత్ ఇంకా మిగిలింది. రా, తిందాం."

రోడెల్ నిజంగానే ఇప్పుడే తిన్నాడు. ఆ మాట మాత్రం అనలేదు.