అమ్మకు చెప్పని కొండ

మే నెల. అద్దంకిలో పొద్దున ఎనిమిదింటికే ఎండ చురచురలాడుతోంది. ఇంటి ముందు రేకుల వసారాలో, తన పరుపుల కొట్లో కూర్చుని ఖాదర్ వలి ఒక పెళ్ళివారి పరుపుకు అంచు కుడుతున్నాడు.

"ఏమండీ, పిల్లకి ఫోన్ చేశారా?" లోపల ఉల్లిపాయలు వేయిస్తూ సర్దార్‌బీ కేకేసింది. "ఐదు రోజులైంది దాని గొంతు విని. అదేం క్యాంపండీ, ఇంటికి రెండు నిమిషాలు మాట్లాడనివ్వరా?"

"ఆటల క్యాంపంటే అంతేనే. పొద్దస్తమానం పరిగెత్తిస్తారు," అన్నాడు ఖాదర్ వలి. దబ్బనం మళ్ళీ వేలికి గుచ్చుకుంది. ఈ ఐదు రోజుల్లో ఎన్నిసార్లు గుచ్చుకుందో లెక్కే లేదు.

సిద్దిక వెళ్ళింది ఆటల క్యాంపుకు కాదని అతనికి తెలుసు. ఒంగోలులో ఒక ప్రైవేటు బడిలో పీఈటీగా పనిచేస్తున్న ఇరవై మూడేళ్ళ కూతురు, ఉత్తరాఖండ్‌లో ఆరు వేల మీటర్ల మంచుకొండ ఎక్కడానికి వెళ్ళింది. దాని కోసం ఏడాదిపాటు తెల్లారకముందే లేచి స్టేడియం మెట్లు ఎక్కి దిగింది. ఇంటివాళ్ళ సంతకం కావాలని ఒక కాగితం తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. 'ఏదైనా జరగరానిది జరిగితే నిర్వాహకులకు బాధ్యత లేదు' అన్న వాక్యం దగ్గర అతని చెయ్యి ఆగింది. పిల్ల ముఖం చూశాడు. సంతకం పెట్టాడు.

సర్దార్‌బీకి చెప్పే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేకపోయింది. ఆమె తమ్ముడు అనీస్ పదిహేనేళ్ళప్పుడు కనిగిరి కొండ మీద కాలు జారి పోయాడు. అప్పటి నుంచి ఆమె కొండ అనే మాట వింటేనే లేచి వెళ్ళిపోయేది.

"నిన్ననే పైకెక్కి ఉంటారు. ఇవాళో రేపో సిగ్నల్ ఉన్న ఊరికి దిగొస్తారు," అని మనసులో అనుకుంటుండగానే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

అవతల ఎవరో గబగబా హిందీలో మాట్లాడుతున్నాడు. ఖాదర్ వలి అని పేరుంటే హిందీ రాకుండా ఎలా ఉంటుందనుకున్నాడో ఏమో, ఆగడం లేదు. ఈ ఇంట్లో తాతల కాలం నుంచీ తెలుగు తప్ప మరో మాట లేదు. అతనికి అందినవి మూడే ముక్కలు. సిద్దిక. బరఫ్, అంటే మంచు. తబియత్, అంటే ఒంట్లో సంగతి. ఆ తర్వాత ఫోన్ కట్టయింది.

కుడుతున్న పరుపు అలాగే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పక్క వీధికి నడిచాడు. అక్కడ నగ్మా ఉంటుంది, హైస్కూల్లో హిందీ టీచరు.

"నగ్మమ్మా, ఈ నంబరుకి ఫోన్ చేసి ఏమైందో అడగమ్మా. మా సిద్దిక... కొండ మీదుంది."

నగ్మా మారు మాట్లాడకుండా నంబరు కలిపింది. వింటున్నకొద్దీ ఆమె ముఖం పాలిపోయింది. ఫోన్ పెట్టేసి అతని వైపు తిరిగింది.

"నిన్న తెల్లవారుజామున ఏడుగురు శిఖరానికి బయల్దేరారంటన్నా. మధ్యలో మంచు తుఫాను పట్టుకుంది. నలుగురు క్యాంపుకి తిరిగొచ్చారు. మన సిద్దిక, చీరాల అమ్మాయి శ్రీరమ్య, ఒక గైడు... ఆ ముగ్గురూ ఇంకా రాలేదు."

"రాలేదంటే?"

"సాయంత్రం వాకీటాకీలో గైడు మాట్లాడాడంట. ఇద్దరమ్మాయిల్లో ఒకరికి ఒంట్లో బాగాలేదు, కదల్లేకపోతున్నాం అన్నాడంట. అంతలో మాట తెగిపోయింది. ఇవాళ పొద్దున వెతకడానికి మనుషులు పైకి వెళ్ళారు."

"ఇద్దర్లో ఎవరికి బాగాలేదంట?"

"వాళ్ళకీ తెలియదన్నా."

వెనక ఏదో చప్పుడైంది. గుమ్మంలో సర్దార్‌బీ. కొట్టు తెరిచి వదిలేసి మనిషి ఉత్త కాళ్ళతో వెళ్ళాడని, షుగర్ తగ్గి ఎక్కడ పడిపోతాడోనని వెనకే వచ్చింది. ఆమె చేతిలో అతని చెప్పులున్నాయి.

"ఏ కొండ?" అంది.

నగ్మా ఖాదర్ వలి వైపు చూసింది.

"నా బిడ్డ ఏ కొండ మీదుంది?"

ఖాదర్ వలి తల దించుకుని అంతా చెప్పాడు. సంతకం సంగతి కూడా. సర్దార్‌బీ అరవలేదు. ఆమె అరిచి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. చెప్పులు అతని ముందు పెట్టి, వెనుదిరిగి ఇంటికి నడిచింది.

ఇంట్లోకి వెళ్ళాక అంది. "నీకు తెలుసు. ఇన్ని రోజులూ నీకు తెలుసు."

పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

"చెబితే నువ్వు తట్టుకోలేవని..."

"తట్టుకోలేనని నువ్వెట్టా అనుకున్నావు? పొద్దున నేను ఉల్లిపాయలు వేయిస్తన్నా. నా బిడ్డ మంచులో పడుంటే నేనిక్కడ కూరలో ఉప్పు చూస్తన్నా! దాని కోసం భయపడే హక్కు కూడా నాకు లేకుండా చేశావు కదయ్యా!"

"భయం నా ఒక్కడికే ఉంటే చాలనుకున్నానే..."

"చాలదు!" ఆమె గోడకు జారగిలబడి కూర్చుంది. "నీకో మాట చెప్తా విను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అనీసుగాడు కొండెక్కుతున్నాడని ఆ రోజు నాకు తెలుసు. 'అమ్మకి చెప్పకక్కా, సాయంత్రానికి వచ్చేస్తా' అన్నాడు. నేను చెప్పలేదు. మా అమ్మ వాడి చొక్కా ఉతికి ఆరేస్తంటే మోసుకొచ్చారు. ఆమె పోయేదాకా ఒకటే మాట. 'ఎవరన్నా చెప్పుంటే, ఒక్కసారి వెనక్కి పిలుచుకునేదాన్ని కదే' అని. నా ముఖం చూసే అనేది. ఆమెకి తెలియదు, నేనే దాచానని."

ఆమె ఇన్నేళ్ళూ లేచి వెళ్ళిపోయింది కొండకు భయపడి అనుకున్నాడు ఖాదర్ వలి. తను ఆమెను కాపాడుతున్నాననుకుని, తీసుకెళ్ళి ఆమె తల్లి కూర్చున్న చోటే కూర్చోబెట్టాడు.

"తప్పు చేశాను సర్దారూ," అన్నాడు. ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. ఆమె జరగమనలేదు, దగ్గరకూ రాలేదు.

పొయ్యి మీద కూర మాడిపోయింది. ఎవరూ లేవలేదు. ఫోన్ ఇద్దరి మధ్యా చాప మీద ఉంది. నగ్మా మధ్యలో రెండుసార్లు వచ్చి, మళ్ళీ ఫోన్ చేసి చూసింది. ఇంకా ఏమీ తెలియలేదన్నారు. పదిన్నరకు కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన ఆ ఉక్కలో చెమటలు కారుతుంటే, అక్కడ పిల్ల చలికి ఎలా వణుకుతోందోనన్న ఆలోచన వచ్చి అతని పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. సర్దార్‌బీ పెదవులు దువా చదువుతూనే ఉన్నాయి. మధ్యలో ఎప్పుడో, ఆ ఇంకో పిల్ల పేరేమిటని అడిగింది. శ్రీరమ్య అని చెప్పాడు. ఆ పేరు కూడా దువాలో కలుపుకుంది.

నాలుగు దాటాక ఫోన్ మోగింది. సర్దార్‌బీ తీసి, స్పీకర్ నొక్కింది.

"నాన్నా..."

ఇద్దరికీ ఒకేసారి ఏడుపొచ్చింది. చప్పుడు రాకుండా సర్దార్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాన్నా, బేస్ క్యాంప్ కింద ఊరికి దించారు. నేను బాగానే ఉన్నా. కాలి వేళ్ళు రెండు తిమ్మిరెక్కాయి, తగ్గుతాయన్నాడు డాక్టరు. శ్రీరమ్యకే నిన్న వాంతులై, పిచ్చిగా మాట్లాడింది. నా చెయ్యి వదల్లేదు. ఇంకో గంట ఎక్కితే శిఖరం నాన్నా, కనబడుతోంది కూడా. గైడు నన్ను వేరేవాళ్ళతో పైకి వెళ్ళమన్నాడు. నేను దాంతోనే ఆగిపోయా. తర్వాత మంచు మొదలైంది. రాత్రంతా ముగ్గురం ఒకే పట్టా కింద, రాయి చాటున కూర్చున్నాం. అది నిద్రపోకుండా మాట్లాడిస్తూనే ఉన్నా. చచ్చిపోతామనుకున్నా నాన్నా. చాలా భయమేసింది. అమ్మతో అబద్ధం చెప్పొచ్చాను, చివరి మాట అబద్ధమే అయిపోతుందని... నాన్నా, అమ్మకి చెప్పకు. నేనే వచ్చి చెప్పుకుంటా."

"చెప్పాడు," అంది సర్దార్‌బీ.

అవతల చిన్నపిల్ల ఏడ్చినట్టు వెక్కిళ్ళు. "అమ్మా..."

"ఏడవకు. ఏమన్నా తిన్నావా?"

"ఖిచిడీ పెట్టారమ్మా."

"ఆ పిల్ల?"

"ఆక్సిజన్ పెట్టారు. కళ్ళు తెరిచింది. వాళ్ళమ్మకి ఫోన్ చేశారు." సిద్దిక అడిగింది. "అమ్మా, నా మీద కోపంగా ఉందా?"

"ఉంది. మీ ఇద్దరి మీదా ఉంది. రేపు కూడా ఉంటది." సర్దార్‌బీ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత అన్న మాటలు ఖాదర్ వలి ఊహించనివి.

"ఆ గంట దూరం ఎప్పటికైనా ఎక్కాలని నీకుంటది. నా కూతురివి, నాకు తెలుసు. ఎక్కేటప్పుడు నాకు చెప్పి ఎక్కు. నేను వద్దంటా, ఏడుస్తా. అయినా సరే, చెప్పు. నువ్వు ఎక్కినంతసేపూ నేనిక్కడ మెలకువగా కూర్చుంటా."

సిద్దిక ఏడుస్తూనే ఉంది. సర్దార్‌బీ ఫోన్ ఖాదర్ వలి చేతికిచ్చింది. అతను దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె దగ్గరకు జరిగి, అతని భుజానికి ఆనుకుని, ఫోన్‌కు దగ్గరగా వంగి అంది.

"మీ నాన్న ఇక్కడే ఉన్నాడమ్మా. మాట్లాడలేకపోతన్నాడు. నువ్వే మాట్లాడు, వింటాం."