సీలు వేసిన మొదటి సంచిక

శనివారం ఉదయం నోరీన్ పెనం మీద పాన్‌కేకులు తిరగేస్తోంది. భర్త లీలండ్, కూతురు థియా బల్లకి చెరో చివరా కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా కాఫీ తాగుతున్నారు. కొన్ని వారాలుగా ఇంట్లో ఇదే వరస.

"అమ్మా, ఆ సిరప్ సీసా ఇటిమ్మని నాన్నకి చెప్పు."

"నేనేమన్నా పోస్ట్‌మాన్‌నా? నోరుంది కదా, నువ్వే అడుగు."

"అడిగితే ఇంకేమైనా ఉందా? సిరప్ వంకతో జవాబులు చెప్పించుకుందంటారు గారెట్ బ్యాచ్."

లీలండ్ సీసాని బల్ల మధ్యకి జరిపాడు. నోరీన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇంటి కింద వాళ్ళదే కామిక్స్ కొట్టు. ప్రతి శరదృతువులోనూ అక్కడ అభిమానుల క్విజ్ జరుగుతుంది. ఏ వీరుడి ముసుగు ఏ సంచికలో చిరిగింది, ఏ విలన్ ఎవరి మేనల్లుడు, ఇలాంటి ప్రశ్నల కోసం ఈరీ ఊరంతా వచ్చి కుర్చీలు సరిపోక మెట్ల మీద కూర్చుంటుంది. ప్రశ్నలు రాసేది లీలండ్. క్రితం ఏడాది గెలిచింది థియా. ఇంకేముంది, పేరు పడిపోయింది. తండ్రి ఇంట్లోనే కాగితం ఇచ్చేశాడన్నారు. పాతికేళ్ళ గారెట్, మీసం సరిగ్గా రాని మగమహారాజు, ఆ మాట కౌంటర్ దగ్గరే, థియా మొహం మీదే అన్నాడు.

దానికి లీలండ్ చేసిన పనేమిటి? గారెట్‌ని నాలుగు దులపడానికి బదులు, ఈసారి ప్రశ్నలు రాయడం మొదలెట్టినప్పటి నుంచి ఇంట్లో కూతురితో కామిక్స్ ఊసెత్తడం మానేశాడు. పాలు తాగే వయసు నుంచి ఆ బొమ్మల పుస్తకాల మధ్యే పెరిగిన పిల్ల. చదువవ్వగానే కొట్టు తనే చూసుకుంటానని ఒట్టు పెట్టుకున్న పిల్ల.

"నువ్వు న్యాయంగా ఉన్నావని ఊరికి చూపించుకోవడానికి దాని నోరు కట్టేస్తావా?" అంది నోరీన్.

"దాని మంచికే నోరీన్. ఈసారి గెలిస్తే ఎవడూ వేలెత్తి చూపించలేడు."

"నాకు వాళ్ళతో పని లేదు నాన్నా," థియా లేచి కంచం సింకులో పడేసింది. "నేను దొంగని కాదని నువ్వు ఒక్కసారి గట్టిగా అంటే చాలు. అది కూడా అనలేకపోయావు. ఇవాళ కూడా అనకపోతే బఫెలోలో అత్తయ్య దగ్గరికి పోతా. కొట్టు నువ్వే చూసుకో."

లీలండ్ కాఫీ కప్పుతో లేచి, ఇవాళ్టి క్విజ్‌కి కుర్చీలు వెయ్యాలంటూ కిందకి దిగిపోయాడు.

మధ్యాహ్నానికి కొట్టు కిక్కిరిసిపోయింది. నోరీన్ కౌంటర్ వెనక నిలబడి వచ్చినవాళ్ళకి సోడాలు అందిస్తోంది. రౌండ్లు గడిచి చివరికి ఇద్దరే మిగిలారు, థియా, గారెట్. మార్కులు సమానం. లీలండ్ ప్రశ్నా జవాబూ రాసిన అట్టముక్క తీసి గొంతు సవరించుకున్నాడు.

"బూడిద కొంగ, మొదటి సంచిక. సరస్సులో మునిగిపోతున్న బూడిద కొంగని పైకి లాగింది ఎవరు?"

ఈరీ సరస్సు ఒడ్డున పుట్టిన వీరుడాయన. ఈ ఊళ్ళో ఆయన్ని సొంత మేనమామలా చూసుకుంటారు. థియా చెయ్యి ముందు లేచింది.

"చేపల పడవ నడిపే ఆవిడ. తలకి గుడ్డ కట్టుకుని ఉంటుంది. కాలరు పట్టుకుని పడవలోకి ఈడ్చేస్తుంది."

లీలండ్ మొహం పాలిపోయింది. "తప్పు. డిటెక్టివ్ మిత్రుడు. గారెట్?"

"డిటెక్టివ్ మిత్రుడే," అన్నాడు గారెట్ ఇకిలిస్తూ.

"కాదు. మీరంతా చదివేది తర్వాత వేసిన ముద్రణ. అందులో ఆ పేజీ మళ్ళీ గీయించారు. అసలు దాంట్లో ఆడమనిషే. నాయనమ్మ పుస్తకంలో నేను చూశాను," అంది థియా.

"అయితే చూపించు," గారెట్ చేతులు కట్టుకున్నాడు. "రూలు రూలే కదా పాపా? కార్డు తప్పంటే పుస్తకం తెచ్చి పేజీ తీసి చూపించాలి. నాయనమ్మ కబుర్లు చెల్లవు."

అందరి తలలూ ఒక్కసారిగా గల్లాపెట్టె పైన గోడ వైపు తిరిగాయి. అక్కడ గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, అన్ని వైపులా సీలు వేసి, నెత్తిన నాణ్యత గ్రేడు చీటీతో బూడిద కొంగ మొదటి సంచిక వేలాడుతోంది. ఊళ్ళో మరో ప్రతి లేదు. పెట్టె పగిలితే ఆ గ్రేడు చెల్లదు, పుస్తకం విలువ సగానికి పడిపోతుంది. ఆ సంగతి అక్కడున్న చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"అది తెరవడం కుదరదు," అన్నాడు లీలండ్ మెల్లగా. "కార్డు మీదున్నదే జవాబు. పాయింటు గారెట్‌ది."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. "ఈసారి కాగితం అందలేదు పాపం."

థియా తండ్రి వైపు చూసింది. ఒక్క మాట కోసం చూసింది. ఆయన అట్టముక్కలు సర్దుకుంటున్నాడు. పిల్ల కళ్ళు తుడుచుకోకుండానే మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. పై గదిలో అలమర తలుపు తెరిచిన చప్పుడు, బట్టల పెట్టె లాగిన చప్పుడు కిందకి వినిపించాయి.

నోరీన్ చేతిలో సోడా సీసాని ఠంగున కౌంటర్ మీద పెట్టింది.

"లీలండ్, నేనూ ఒక ప్రశ్న అడుగుతా. నీకు బాగా ఇష్టమైన సబ్జెక్టే. ఆ గోడ మీది పుస్తకం నువ్వెప్పుడైనా చదివావా?"

"నోరీన్, అందరి ముందూ ఇప్పుడా..."

"అందరి ముందే కదా దాన్ని దొంగని చేశావు! చెప్పు. చదివావా?"

ఆయన సర్దిన అట్టముక్కల్నే మళ్ళీ సర్దాడు.

"చదవలేదు. నాకు తెలుసు. మీ అమ్మ లూద్మిలా సోఫాలో కూర్చుని మనవరాలికి చదివి వినిపిస్తుంటే, చేతి మరకలు పడతాయని లాక్కున్నావు. ముసలావిడ ఇంకా బతికుండగానే సీలు వేయించి తెచ్చి గోడకి తగిలించావు. లూద్మిలా అడిగింది, 'ఒరే, ఇంకొక్కసారి చూస్తానురా,' అని. పెట్టె పాడవుతుందన్నావు. నీకు దాని ధర తెలుసు. లోపల ఏముందో నీ కూతురికి తెలుసు. దాని మాట నమ్మడానికి నీకు పుస్తకం కావాలా?"

గారెట్ ఇకిలించడం మానేశాడు. లీలండ్ స్టూలు లాక్కుని ఎక్కి, గోడ మీంచి పెట్టెని దింపాడు. సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"లీ, నువ్వలా చెయ్యకు," అన్నాడు పాత కస్టమరు ఒకాయన, గుండె పట్టుకున్నంత పని చేసి.

ప్లాస్టిక్ ఫటుక్కున విరిగిన చప్పుడు మేడ మీదకి కూడా వినబడి ఉంటుంది. థియా రెండేసి మెట్లు దూకుతూ పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, వద్దు! పిచ్చా నీకు? పాయింటు పోతే పోయింది, దాన్ని పగలగొడతావా?"

"పగిలిపోయిందమ్మా," అన్నాడు లీలండ్. పెచ్చులు పక్కకి తోసి, పుస్తకాన్ని తెరవకుండా రెండు చేతులతో ఆమెకి అందించాడు. తర్వాత అందరి వైపూ తిరిగాడు. "ఈ కార్డు రాసింది నేను. అసలు పుస్తకం చదవకుండా రాశాను. నా కూతురు చెప్పిందే నిజం. పోయినేడు కూడా తన తెలివితోనే గెలిచింది. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది, భయపడ్డాను. ఇదుగో, పేజీ తియ్యకముందే చెబుతున్నా. పాయింటు థియాది."

"రూలు ప్రకారం పేజీ చూపించాలి కదా..." గారెట్ నసిగాడు.

"చూపిస్తుంది. నీ కోసం. నాకక్కర్లేదు."

థియా కౌంటర్ మీద పుస్తకం పరిచి, చివరి పేజీల్లోకి జాగ్రత్తగా తిప్పింది. చినిగిన వల, ఎగిసిపడే అల, తలకి గుడ్డ కట్టుకున్న లావుపాటి ఆడమనిషి. పళ్ళు బిగపట్టి బూడిద కొంగ కాలరు పట్టుకుని ఈడుస్తోంది. తర్వాతి ముద్రణలో ఆవిడని తుడిచేసి ఆ స్థానంలో కోటు వేసుకున్న మగవాణ్ణి ఎందుకు పెట్టారో అక్కడెవరికీ తెలియదు. నోరీన్‌కి మాత్రం ఆ గీసినవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి కడిగేయాలనిపించింది.

గారెట్ వంగి చూసి, చెవులు ఎర్రబడగా వెనక్కి తగ్గాడు. "సరే. తన పాయింటే. పోయినేడు అన్నది... సారీ."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. లీలండ్‌కి అవేవీ వినిపిస్తున్నట్టు లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. పేజీ మూల జామ్ అంటిన చిన్న వేలిముద్ర ఉంది. పక్కన ఇంకోటి, పెద్దది, ముడతల గీతలు తెలుస్తున్నాయి.

"ఇది మా అమ్మది," అన్నాడు.

నోరీన్‌కి పొద్దుటి కోపం పూర్తిగా పోలేదు. అత్తగారు అడిగినప్పుడే ఈయన ఈ పని చేసి ఉంటే ఎంత బావుండేదని లోపల దహించుకుపోతూనే ఉంది. అయినా వెళ్ళి, ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"నాన్నా, బహుమతి ఇవ్వాలి. అందరూ చూస్తున్నారు," అంది థియా ముక్కు ఎగబీలుస్తూ.

"చూడనీ." లీలండ్ స్టూలు దగ్గరికి లాక్కుని, బడిపిల్లాడిలా కౌంటర్ ముందు కూర్చున్నాడు. "మొదటి పేజీ నుంచి చదువు తల్లీ. నాయనమ్మ ఎలా చదివేదో అలాగే చదువు."