క్యారేజీ లేని సైకిలు

సైకిలు కొనుక్కుంటే నలుగురు మనుషులు దొరుకుతారని సుప్రజ ఆశ.

ధవళేశ్వరంలో మేడమీద ఒక గది. ఉద్యోగం కూడా ఆ గదిలోనే, ల్యాప్‌టాప్ ముందు. కాలేజీలో కలిసి తిరిగినవాళ్ళు తలో ఊరూ పట్టుకుపోయారు. పాలకొల్లు నుంచి అమ్మ ఫోన్ చేస్తే "తిన్నావా", "తిన్నాను", అంతే. ఆ తినడం కూడా కర్రీ పాయింట్ పప్పు, గిన్నెలోకైనా వంచుకోకుండా కవర్లోంచే. ఒక్కోరోజు సాయంత్రానికి గొంతు బొంగురుపోయినట్టుండేది. ఏంటా అని చూసుకుంటే, పొద్దుట్నుంచీ ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడలేదని గుర్తొచ్చేది.

రాజమండ్రిలో ఆదివారాలు కొండదారుల్లో సైకిళ్ళు తొక్కే గుంపు ఒకటుంది. రంపచోడవరం వైపు పోతారు. దారిలో టిఫిన్లు, ఫొటోలు, ఒకళ్ళ మీద ఒకళ్ళు జోకులు. సుప్రజ ఒకసారి మామూలు గేర్ల సైకిలేసుకుని వెళ్ళింది. రాళ్ళ దిగుడులో వెనకబడిపోయి, అడవిలో చాలాసేపు ఒక్కతే తొక్కింది. చివర్లో గుంపు పెద్ద సురేష్‌బాబు గారు మెత్తగానే చెప్పారు.

"ఏమనుకోకమ్మా. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న బండి చూసుకుని రా. నీ నడుం నీకు మిగలాలి కదా."

ఇంక చూసుకోండి. నెల్లాళ్ళు వీడియోలే వీడియోలు. ఒకడు బంగారం అన్న బండిని ఇంకొకడు తుక్కు అంటాడు. ఆఖరికి ఎటూ తేల్చుకోలేక, సెలవు పెట్టి మరీ రాజమండ్రి సైకిల్ షాపుకి వెళ్ళింది. షాపాయన పేరు అబ్బులు. నోరు ఊరుకునే మనిషి కాదు.

"ఆయ్, ఈ ఎర్రదేమో కొండ మీంచి దూకేవాళ్ళకండి. షాకులు బారు, బరువెక్కువ. గట్టు మీద తొక్కారంటే దున్నపోతుని తోలినట్టుంటది. ఆ చివరిది చవకే. దానికి వెనక సస్పెన్షన్ ఉందంటే ఉందండి, మా బావమరిదికి బుర్ర ఉన్నట్టు."

సుప్రజ నవ్వింది. నవ్వి ఎన్నాళ్ళయిందో.

"మీరు ఇసకలో తిరుగుతానంటున్నారు, గట్లంటున్నారు, కొండంటున్నారు. అన్నిటికీ సరిపోయేది ఈ నీలందండి. రేటూ మధ్యస్థం, బండీ మధ్యస్థం."

"కొన్నాక నచ్చకపోతే?"

"సాయంత్రం దాకా తిప్పి తీసుకురండి. నా మాటెందుకు, మీ నడుమే చెప్పుద్ది."

ఆమె బరువడిగి, చిన్న పంపుతో సీటు కిందున్న వెనక షాకులోకి గాలి కొట్టాడు. షాకు గొట్టం మీద సన్నటి నల్ల రబ్బరు రింగు చూపించాడు. "మీరెక్కితే ఇది పావు వంతు జరగాలండి. బండి ఎంత లోతుకి కుంగిందో అక్కడే ఆగిపోద్ది ఈ రింగు. అబద్ధం చెప్పదు."

ఎక్కి కూర్చుంది. దిగి చూసింది. పావు వంతు. కొలిచినట్టు.

బ్యారేజీ దాటి, బొబ్బర్లంక దగ్గర కాలవ గట్టెక్కేసరికి ఎండ మెత్తబడింది. ఆత్రేయపురం వైపు తొక్కుకుంటూ పోయింది. గతుకులొచ్చినా ఒంటికి తెలీట్లేదు. లంకలోకి దిగి ఇసకలో తొక్కింది, అరటితోటల మధ్య బురద గాడిలో తొక్కింది. బండి ఎక్కడా మొరాయించలేదు. ఆదివారం ఈ సైకిలు మీద వాళ్ళందరి మధ్యా తను… రాళ్ళ దిగుడు దిగి, ఆగి, వెనకబడ్డ ఎవరికోసమో తనే ఎదురుచూస్తున్నట్టు ఊహించుకుంది. ఆ ఊహలో పడి, పొద్దు గూకిందే చూసుకోలేదు.

తిరిగి గట్టెక్కేసరికి అసురసంధ్య. కాలవ నీళ్ళు సీసంలా ఉన్నాయి. కొబ్బరాకులు కదలట్లేదు. గుర్రపుడెక్క కుళ్ళిన వాసన. అవతల గట్టు మీద ఒక్క బండీ లేదు, ఇవతలా లేదు.

కాలవ లాకుల దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరికోసమో చూస్తున్నట్టు. మన వైపు పెద్దవాళ్ళు అలా నిలబడితే పలకరించకుండా పోతామా? పైగా సుప్రజకి మాట కరువు. బ్రేకేసి, నెమ్మది చేసింది.

"ఎక్కడి దాకా అండి? ఎక్కించుకునేదాన్నే… క్యారేజీ లేదండి దీనికి."

ఆవిడ సైకిలు వంక చూసింది. సుప్రజ మొహం వంక కాదు.

"నాకు క్యారేజీ ఎందుకమ్మా," అంది. "పద."

ఏదో వేళాకోళం అనుకుని నవ్వేసి, పెడలు తొక్కింది సుప్రజ. కొంచెం దూరం పోయాక వెనక్కి తిరిగి చూస్తే లాకుల దగ్గర ఎవరూ లేరు. పక్క దారిలో దిగిపోయి ఉంటుందిలే అనుకుంది.

పెడలు రాయికి తగిలింది.

ఇందాక ఇదే దారిలో తగల్లేదు. మళ్ళీ తగిలింది. సైకిలు వెనక్కి కుంగినట్టుంది, ముందు చక్రం తేలిపోతోంది. గాలి దిగిపోయిందేమో. దిగి, హ్యాండిల్ పట్టుకుని, ఫోన్ లైటు వేసి చూసింది.

రింగు గొట్టం చివరంటా జరిగిపోయి ఉంది.

ఆమె ఒళ్ళు జలదరించింది అందుకు కాదు. తను దిగిపోయింది కదా. దిగితే బండి పైకి లేవాలి కదా… లేవలేదు. సీటు కిందికే ఉంది. వెనక టైరు మట్టిలోకి నొక్కుకుపోయే ఉంది.

చుట్టూ కప్పల అరుపులు. ఎక్కడ్నుంచో పసుపు వాసన. తడి పసుపు.

అబ్బులికి ఫోన్ చేసింది. "అబ్బులు గారూ… వెనక బాగా కుంగిపోతోందండి."

"ఎంతమంది ఎక్కారేంటండి?" అని నవ్వాడు.

"ఒక్కదాన్నే."

"మీ బరువుకి అలా కుంగదండి. సరే గానీ, నెమ్మదిగా వచ్చెయ్యండి. మరి ఆవిడెవరండి, మెల్లిగా పాడుతున్నారు?"

"…ఎవరు?"

"మీ పక్కనేనండి. పెద్దావిడ గొంతులా…"

సిగ్నల్ పోయింది.

సుప్రజకి కప్పల అరుపులు తప్ప ఏమీ వినపడట్లేదు. నడిపించుకుపోదామని తోసింది. వడ్ల బస్తా ఎత్తినట్టుంది, కదిలీ కదలట్లేదు. అక్కడ వదిలేసి పరిగెడితే? బండి తనది కాదు. పైగా ఆ బండి మీద ఉన్నదేదో దిగి తన వెంట నడిస్తే…

ఎక్కింది. తొక్కింది.

వీపుకి చల్లగా తగులుతోంది. గాలి కాదు, గాలి ఎదురొస్తోంది. మెడ మీద చుక్క… ఇంకో చుక్క. నీళ్ళు. వెనక్కి చూడలేదు. గది తలుపు దాకా రానివ్వకూడదు, అదొక్కటే ఆలోచన. తలుపు వేసుకున్నాక లోపల ఇద్దరుంటే, అరిచినా వినేవాళ్ళు లేరు. ఆ ఇంట్లో ఆమె గొంతు ఎలా ఉంటదో కూడా ఎవరికీ తెలీదు.

"దిగండి," అంది, ఏడుపు గొంతుతో. "మీ ఊరెక్కడో చెప్పండి… దింపేస్తాను. దండం పెడతాను. దిగండి."

గతుకు. ఇంకో గతుకు. దూరంగా బ్యారేజీ లైట్లు కనపడ్డాయి.

ఉన్నట్టుండి సైకిలు ఎగిరినట్టయింది.

వెనక చక్రం ఒక్కసారి పైకి లేచింది. తేలిక… దూదిలా తేలిక. పడబోయి కాలు ఆనించింది. దిగిపోయింది. ఎవరో గానీ, దిగిపోయింది.

అక్కడ గట్టు కింద ఒక పెంకుటిల్లు. మామూలు ఇల్లు. వాకిట్లో ఎల్‌ఈడీ బల్బు, లోపల టీవీ చప్పుడు, చేపల పులుసు ఘుమఘుమ. తలుపు తీసుకుని నడివయసావిడ గడప మీదికొచ్చింది. ఖాళీ వాకిట్లోకి చూస్తూ మందలించింది.

"వచ్చావా? ఇంతసేపేంటే అమ్మా! అన్నం చల్లారిపోతోందని ఇందాకట్నుంచి చూస్తున్నా."

ఆగింది. ఎదుటివాళ్ళు చెప్పేది వింటున్నట్టు తలాడించింది. పక్కకి తొలిగి, ఎవరికో దారి ఇచ్చింది.

సుప్రజ పెడలు మీద కాలు పెట్టింది. పోవాలి. ఇప్పుడే పోవాలి. కానీ ఆ మాట… అన్నం చల్లారిపోతోందని. లాకుల దగ్గర చెప్పులు పట్టుకుని నిలబడ్డదానికి కూడా, తలుపు తీసి తిట్టేవాళ్ళున్నారు.

"అయ్యో, తీసుకొచ్చిన పిల్లని అలాగే పంపించేస్తావా?" ఆవిడ లోపలికి చూస్తూ అంది. తర్వాత గట్టు వైపు తిరిగింది. నవ్వింది. మంచి నవ్వు. "రామ్మా. ఆ గదిలో ఒక్కదానివీ ఏం తింటావు? కంచం పెట్టేశాను."

గది సంగతి ఈవిడకెలా తెలుసు?

"వద్దండి," అందామనుకుంది. పులుసు వాసన దగ్గరగా వచ్చింది. చాలా దగ్గరగా. కిందికి చూసుకుంది. కాళ్ళ కింద ముగ్గు.

తను వాకిట్లో ఉంది. గట్టెప్పుడు దిగిందో తెలీదు. చేతులు రెండూ ఖాళీ.

వెనక్కి తిరిగింది.

ఇలాంటి సైకిళ్ళకి స్టాండు ఉండదు. గట్టు మీద, బల్బు వెలుగు అందీ అందని చోట, నీలం సైకిలు నిటారుగా నిలబడి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. హ్యాండిల్ మీద బ్రేకులు రెండూ, ఎవరో వేళ్ళు బిగించి పట్టుకున్నట్టు, పూర్తిగా నొక్కి ఉన్నాయి.